దానం చేసే దొర వద్దు, జవాబు చెప్పే పొరుగువాడు కావాలి

(మండపేటలో విద్యార్థులు, ఉద్యోగులు ఏర్పాటు చేసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేం తెలంగాణ నుంచి, బొగ్గు బాయిల ప్రాంతం నుంచి వచ్చాం. మండపేటలో వీళ్లకేం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఉద్యమం నడిచినన్నాళ్లూ మేం ఒక మాట చెబుతూనే వచ్చాం: మా తగువు ప్రజలతో కాదు, వనరులను గుప్పిట్లో పెట్టుకున్నవాళ్లతో. ఆ మాటకు కట్టుబడినవాళ్లం కాబట్టే ఈ వేదిక ఎక్కాం. మా ఊళ్ల కింద బొగ్గుంది. మీ ఊళ్ల కింద గ్యాసుంది. తవ్వేది ఎవరైనా, లాభం ఏ ఊరికి పోయినా, ముప్పు మాత్రం ఆ నేల మీద బతికేవాళ్లకే మిగులుతుంది. ఈ ఒక్క విషయంలో మీరూ మేమూ చుట్టాలం.

ఇవాళ ప్రతి కంపెనీ "మేం బాధ్యత గల పౌరులం" అంటున్నది. బస్టాండులో సిమెంటు బల్ల మీద, బడిలో మరుగుదొడ్డి గోడ మీద, నీళ్ల ట్యాంకు మీద కంపెనీ పేరు కనిపిస్తున్నది. మంచిదే, కాదనం. కానీ పౌరుడంటే ఎవరు? ఇంటి ముందు ముగ్గు వేసుకుని, మురుగు పక్కింట్లోకి వదిలేవాడిని మంచి పౌరుడంటామా? మన పల్లెల్లో మనిషిని కొలిచే పద్ధతి ఒకటుంది. గుడికి ఎంత చందా ఇచ్చాడని కాదు, ఇరుగుపొరుగుతో ఎలా ఉన్నాడని అడుగుతారు. కంపెనీలను కూడా ఆ కొలతతోనే కొలవాలని చెప్పడానికే వచ్చాం.

మీ పేరుతో ఒక రాయి

కృష్ణా గోదావరి బేసిన్‌లో నేల అడుగున గ్యాసు దాగి ఉన్న ఒక రాతి పొరకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు మండపేట ఇసుకరాయి. మీ ఊరి పేరు భూగర్భ శాస్త్ర పుస్తకాలకెక్కింది. మండపేట గ్యాసు క్షేత్రం ఓఎన్‌జీసీ పటాల్లో ఉంది. రాయికి ఊరి పేరు పెట్టారు సరే, ఆ రాయిలోంచి వచ్చిన సొమ్ములో ఊరికి ఏం పెట్టారు?

ఇక్కడ రెండు మాటలు విడదీసి చూడాలి. షేర్‌హోల్డర్ వేరు, స్టేక్‌హోల్డర్ వేరు. షేర్‌హోల్డర్ డబ్బు పెట్టినవాడు. నచ్చకపోతే తెల్లారేసరికి షేరు అమ్ముకుని పోతాడు. స్టేక్‌హోల్డర్ అంటే ఆ కంపెనీ పనితో బతుకు ముడిపడ్డవాడు. చేనులోంచి పైపు పోయిన రైతు, బావి పక్కన ఇల్లున్న కూలీ, లోపల పనిచేసే కాంట్రాక్టు కార్మికుడు, వాళ్ల పిల్లలు చదివే బడి. వీళ్లు అమ్ముకుని పోలేరు. పోలేనివాడికే ఎక్కువ జవాబు చెప్పాలి. నడుస్తున్నది మాత్రం తలకిందులుగా ఉంది. వాటాదారుకు ఏటా నివేదిక అచ్చువేసి పంపుతారు. ఊరివాడికి గేటు దగ్గర సెక్యూరిటీ గార్డే సమాధానం.

రెండు శాతం మాట

2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఏడాదికి 5 కోట్ల నికర లాభం గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 500 కోట్ల నికర విలువ గానీ ఉన్న కంపెనీ, అంతకు ముందు మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. తాను పనిచేసే ప్రాంతానికి, చుట్టుపక్కలకు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలోనే రాసి ఉంది. 2021లో నిబంధనలు బిగించారు. ఖర్చు చేయని సొమ్మును నిర్ణీత గడువులో ప్రత్యేక ఖాతాకో, ప్రభుత్వ నిధికో బదిలీ చేయాల్సిందే.

ఇది మనం అడిగి తీసుకోవాల్సిన హక్కు, వదలొద్దు. కానీ దీని హద్దు కూడా తెలియాలి. సగటు లాభం 100 కోట్లున్న కంపెనీ ఇచ్చేది 2 కోట్లు. మిగతా 98 కోట్లు ఎలా వచ్చాయని ఈ సెక్షన్ అడగదు. పైపు పాతదా కొత్తదా అని అడగదు. కార్మికుడికి జీతం సరిగా ఇచ్చారా అని అడగదు. అసలు బాధ్యత సొమ్ము ఖర్చుపెట్టే తీరులో కాదు, సంపాదించే తీరులో ఉంది. 2 శాతం గురించి ఫొటోలు దిగి 98 శాతం గురించి నోరు మెదపకపోతే దాన్ని దానం అనొచ్చు గానీ బాధ్యత అనలేం.

నగరం చెప్పిన పాఠం

గౌతమి దాటితే కోనసీమ. అక్కడి పాశర్లపూడి దగ్గర 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ బావి పేలి నిప్పంటుకుంది. 65 రోజులు మండింది. చుట్టుపక్కల జనం ఇళ్లు వదిలి పోయారు. ఆ మంటను మీలో పెద్దవాళ్లు ఇంకా మరిచిపోలేదు.

19 ఏళ్ల తర్వాత, 2014 జూన్ 27 తెల్లవారుజామున, మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను నుంచి గ్యాసు లీకై నిప్పంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. అప్పటికి తెలంగాణ రాష్ట్రం ఏర్పడి 25 రోజులే. మా దగ్గర సంబరాలు ఇంకా సద్దుమణగలేదు. మీ దగ్గర శవాలు లేస్తున్నాయి.

తర్వాత వేసిన విచారణ కమిటీ ఏం తేల్చింది? పొడి గ్యాసు కోసం వేసిన పైపులో నీళ్లు, ఇతర ద్రవాలు కలిసిన తడి గ్యాసు పంపారు. గ్యాసును ఆరబెట్టే యూనిట్ లేదు. దాంతో పైపు లోపల తుప్పు పట్టింది. అంటే ఇది దేవుడు చేసింది కాదు, పిడుగు కాదు. లాభనష్టాల లెక్కలో ఒక ఖర్చును వాయిదా వేస్తూ పోయిన ఫలితం. చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి మొత్తం 25 లక్షలు ప్రకటించారు. అందులో 20 లక్షలు గెయిల్‌వి, మిగతావి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలవి. ఆ డబ్బు అవసరమే. కానీ చావు తర్వాత వచ్చే చెక్కును బంధమంటామా? ఆరబెట్టే యూనిట్ సకాలంలో పెట్టి ఉంటే, అది వెయ్యి బస్టాండు బల్లల కంటే పెద్ద సామాజిక బాధ్యత అయ్యేది. దాని మీద ఎవరి పేరూ రాయనక్కర్లేదు.

ఒక్కసారి అవసరం, ఎప్పటికీ అవసరం

కంపెనీ ఒకచోట జనంతో మంచిగా, ఇంకోచోట మొరటుగా ఎందుకుంటుంది? మీకు దగ్గర్లోనే జవాబుంది. రాజమండ్రి పేపరు మిల్లు మూలాలు 1924 నాటివి. ఆ మిల్లుకు కర్ర కావాలి. అందుకే దశాబ్దాలుగా రైతులకు సరుగుడు, సుబాబుల్ మొక్కలు ఇచ్చి పెంచమంటున్నది. కర్ర ధర మీద రైతుకు మిల్లుతో పేచీలు ఉండొచ్చు. కానీ రైతు ఈసారి మొక్క నాటనంటే మిల్లుకే ఇబ్బంది. రైతు అవసరం మిల్లుకు ప్రతి పంటకూ ఉంది కాబట్టి మాట్లాడక తప్పదు.

గ్యాసు పైపు సంగతి అలా కాదు. రైతు అవసరం దానికి ఒక్కసారే. 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం ప్రకారం భూమి కొనరు, వాడుకునే హక్కు మాత్రం తీసుకుంటారు. ఆ హక్కుకు ఇచ్చే పరిహారం భూమి మార్కెట్ విలువలో 10 శాతం. పంటకు, చెట్లకు జరిగిన నష్టం వేరుగా కడతారు. ఆ తర్వాత ఆ జాగాలో ఇల్లు కట్టకూడదు, బావి గాని చెరువు గాని తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. పట్టా రైతుదే, పన్ను రైతే కట్టాలి, ముప్పు కూడా రైతుకే. కాగితం మీద సంతకాలైన రోజున కంపెనీకి ఆ రైతుతో పని అయిపోయింది. కానీ రైతుకు ఆ పైపుతో పని తరతరాలు ఉంటుంది.

కాబట్టి మిత్రులారా, బంధం కంపెనీ మంచితనం మీద నిలబడదు. అవసరం ఉన్నచోట అవసరం నిలబెడుతుంది. అవసరం తీరినచోట చట్టమూ, మన ఐక్యతా నిలబెట్టాలి.

ముందు చెప్పాలి, ముందు అడగాలి

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వచ్చి నిద్రలో ఉన్నవాళ్ల మీద పడింది. 12 మంది చనిపోయారు. కంపెనీలో ప్రమాద సైరన్ ఉండి కూడా మోగించలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. ఒక్క మీట నొక్కాలి, అంతే. ఆ మీట నొక్కనివాళ్ల దృష్టిలో గోడ అవతలివాళ్లు పొరుగువాళ్లు కారు.

భోపాల్ తర్వాత, 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నిబంధనలు ఏం చెబుతున్నాయి? పెద్ద ప్రమాదానికి అవకాశం ఉన్న పరిశ్రమ ఆ ముప్పు ఏమిటో, జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కల ప్రజలకు ముందే తెలియజేయాలి. కంపెనీ గోడ బయట అమలు చేసే ప్రణాళిక జిల్లా యంత్రాంగం దగ్గర ఉండాలి. మీ ఊళ్లో గ్యాసు వాసన వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఎంతమందికి తెలుసు? పొయ్యి వెలిగించకూడదని, కరెంటు స్విచ్ వేయకూడదని, గాలికి ఎదురుగా పోవాలా అడ్డంగా పోవాలా అన్నది మీ అమ్మలకు, అక్కలకు ఎవరైనా వచ్చి చెప్పారా? చెప్పకపోతే అడగండి.

చెప్పడం ఒకటి, అడగడం ఇంకొకటి. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ కింద పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. సభను వీడియో తీయాలి. కానీ 2020 జనవరిలో కేంద్రం ఆ నోటిఫికేషన్‌ను సవరించి, చమురు, గ్యాసు అన్వేషణ దశకు ఈ సభ అక్కర్లేకుండా చేసింది. ఉత్పత్తి దశకు ఉంచింది. అంటే మీ పొలంలో బోరు దించి వెతికేటప్పుడు మిమ్మల్ని అడగనక్కర్లేదు. గ్యాసు దొరికి కోట్ల పెట్టుబడి పెట్టాక పిలిచి "మీ అభిప్రాయం చెప్పండి" అంటారు. పెళ్లయ్యాక పిల్లను అడిగినట్టుంది ఇది.

గేటు లోపలివాళ్లు

బయటి పొరుగువాళ్ల గురించి చెప్పాం. గేటు లోపలివాళ్ల ముచ్చట కూడా చెప్పుకోవాలి. 2012 జనవరి 27న యానాం రీజెన్సీ సిరామిక్స్‌లో ఏం జరిగిందో మీకు తెలుసు. జీతాల కోసం, పర్మినెంటు కోసం కార్మికుల ఆందోళన నడుస్తున్నది. ఆ రోజు కార్మిక నాయకుడు చనిపోయాడు. అదే రోజు కంపెనీ ప్రెసిడెంటు హత్యకు గురయ్యాడు. ఫ్యాక్టరీ తగలబడి మూతపడింది. రెండు ఇళ్లలో చావు, వేలమందికి కొలువు పోయింది. ఎవరు గెలిచారు? మాట్లాడుకునే దారి మూసుకుపోయినచోట ఎవరూ గెలవరు. హింసను మేం సమర్థించం. కానీ గోడు చెప్పుకునే చోటు లేకుండా చేసి, చివరి రోజు గొడవను మాత్రమే చూడడం కూడా న్యాయం కాదు.

మా సింగరేణి సంగతి చెబుతాం. అది 51 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. అక్కడ కార్మికులకు లాభాల్లో వాటా ఇచ్చే పద్ధతి ఉంది. 10 శాతంతో మొదలైన ఆ వాటా, కార్మికులు ఏటేటా కొట్లాడగా 2023-24 లాభాలకు వచ్చేసరికి 33 శాతానికి చేరింది. పెట్టుబడులకు పక్కన పెట్టినది పోగా మిగిలిన లాభంలో లెక్కగట్టి 796 కోట్లు ప్రకటించారు. కాంట్రాక్టు కార్మికులకు కూడా మొదటిసారి తలా 5000 రూపాయలు ఇచ్చారు. చిన్న మొత్తమే. కానీ వాళ్లు కూడా సంస్థ మనుషులేనని ఒప్పుకోవడానికి అన్నేళ్లు పట్టింది.

అదే సింగరేణిలో మరో ముచ్చట కూడా ఉంది. రాష్ట్రం వచ్చింది గానీ ఓపెన్‌కాస్టులు ఆగలేదు. ఊళ్లు లేచిపోతూనే ఉన్నాయి. బ్లాస్టింగులకు గోడలు పగులుతూనే ఉన్నాయి. కార్మికుడికి లాభంలో వాటా ఉంది, ఊరు పోయినవాడికి లేదు. సర్కారు మనదైనంత మాత్రాన కంపెనీ మనది కాదు. ఇది మీకూ వర్తిస్తుంది.

వాటా ఏది?

నేల మీద తీసే గ్యాసుకు రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి వస్తుంది. సముద్రంలో తీసేది రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం కేంద్రానిది. నాడు రాయల్టీ హైదరాబాదు ఖజానాకు పోయింది, నేడు అమరావతికి పోతున్నది. బావి ఉన్న ఊరికి రెండూ దూరమే.

ఇప్పుడు ఒక తేడా గమనించండి. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి తెచ్చారు. గనులవల్ల దెబ్బతిన్న మనుషుల కోసం, ఊళ్ల కోసం, రాయల్టీకి అదనంగా గని యజమాని కట్టాలి. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులకు రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చినవాటికి 10 శాతం. తాగునీరు, వైద్యం, చదువు వంటివాటికి ఖర్చు చేయాలి. మా దగ్గర బొగ్గుకు ఇది వస్తుంది. ఆ డబ్బు గని పక్క ఊరికి చేరడంలేదని తగువులున్నాయి. అయినా తగువు పడడానికి ఒక నిధి ఉంది. మీకు అది కూడా లేదు. ఎందుకంటే చమురు, గ్యాసు ఆ చట్టం కిందికి రావు. వాటికి 1948 నాటి వేరే చట్టం ఉంది. బొగ్గు తీస్తే ఊరికి హక్కుగా నిధి, గ్యాసు తీస్తే కంపెనీ దయతలచి ఇచ్చే రెండు శాతంలో ఏదో ముక్క. ఇదెక్కడి న్యాయం?

మన మిల్లుల మాటేమిటి?

పెద్ద కంపెనీలను అడిగేవాళ్లం మన ఇంటి వ్యాపారాన్ని వదిలేస్తే మాటకు బలముండదు. మండపేట అంటే రైస్ మిల్లులు, కోళ్ల ఫారాలు. రైతు తెచ్చిన ధాన్యంలో తేమ 17 శాతం దాటిందని తరుగు తీసేటప్పుడు, మీటరు రైతు కళ్ల ముందు పెడుతున్నారా? బస్తాలు మోసే హమాలీకి, 20 మంది పనిచేసే చోట పీఎఫ్ కడుతున్నారా? ఊక కాల్చిన బూడిద ఎవరి డాబా మీద పడుతున్నది? ఉప్పుడు బియ్యం మిల్లు నీళ్లు ఏ కాలువలో కలుస్తున్నాయి? ఫారం ఈగలతో పక్క వీధి ఎలా వేగుతున్నది? వీటికి జవాబు చెప్పే మిల్లరు, ఏ అవార్డూ లేకపోయినా, బాధ్యత గల పౌరుడే. ఈ పనులకు పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. నెలకోసారి రైతులను, హమాలీలను, వీధివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడే ఓపిక చాలు.

మనం చేయాల్సినవి

ఉపన్యాసం విని చప్పట్లు కొట్టి పోవడం మాకు ఇష్టం లేదు. ఈ సభ నుంచి నాలుగు పనులు పట్టుకుపోదాం.

ఒకటి. ఓఎన్‌జీసీ, గెయిల్ ప్రభుత్వ రంగ సంస్థలు. 2005 సమాచార హక్కు చట్టం వాటికి వర్తిస్తుంది. మీ మండలంలో ఏ పైపు ఏ ఏడు వేశారు, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఏ భాగం మార్చారు అని దరఖాస్తు పెట్టండి. జవాబును పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. భద్రత పేరు చెప్పి నిరాకరిస్తే అప్పీలుకు పోండి. ఉద్యోగ మిత్రులకు ఫైలు ఎలా కదులుతుందో తెలుసు. ఆ తెలివి ఊరికి అప్పివ్వండి.

రెండు. కంపెనీలు తమ సామాజిక బాధ్యత పనులను వెబ్‌సైట్లో పెట్టాలి. విద్యార్థులు ఆ జాబితా తీసి, పని ఉన్నచోటికి పోయి చూడండి. కాగితం మీద ఉన్న బోరు నేల మీద ఉందా? ఎక్కడ గ్యాసు తీశారు, ఎక్కడ ఖర్చుపెట్టారు? రెండూ పక్కపక్కన రాయండి.

మూడు. గ్యాసు, చమురు తీసే ఊళ్లకు ఖనిజ నిధి లాంటి నిధి చట్టబద్ధంగా కావాలని గ్రామసభల్లో తీర్మానాలు చేయించండి. అన్వేషణ దశలోనూ ప్రజాభిప్రాయ సేకరణ తిరిగి పెట్టాలని అందులోనే రాయండి. ఏ పార్టీ ఎంపీ అయినా సరే, ఆ తీర్మానం చేతిలో పెట్టి పార్లమెంటులో అడగమనండి.

నాలుగు. భూమి కుంగుతున్నదని కోనసీమ రైతులు చాలాకాలంగా అంటున్నారు. ఈ మాటను కంపెనీయే కొలిచి కంపెనీయే తీర్పు చెబితే ఎవరూ నమ్మరు. కంపెనీతో సంబంధం లేని సంస్థ కొలవాలి. కొలిచేటప్పుడు ఊరివాళ్లు పక్కన ఉండాలి. లెక్క తెలుగులో బయటపెట్టాలి. అది మన భయాన్ని తప్పని తేల్చినా సరే, ఒప్పుకుందాం. నమ్మకం అలాగే పుడుతుంది.

మేం పరిశ్రమలకు వ్యతిరేకులం కాదు. మీ పిల్లలకు కొలువులు కావాలి, పొయ్యికి గ్యాసు కావాలి, కరెంటు కావాలి. కానీ పరిశ్రమ మన మధ్యకు వచ్చేటప్పుడు దొరలా రాకూడదు. దొర దానం చేస్తాడు, లెక్క చెప్పడు. పొరుగువాడు దానం చేయకపోయినా ఫర్వాలేదు, మన ఇంటి మీదికి నిప్పు వచ్చేటప్పుడు ముందు కేక వేస్తాడు, అడిగితే జవాబు చెబుతాడు.

బొగ్గు బాయిల నుంచి మా మాట ఇది: మీ ఊరి తీర్మానం మీరు రాయండి. మా గ్రామసభల తీర్మానాలతో కలిపి ఢిల్లీకి మేమూ మీ వెంట వస్తాం.